12 ఔన్సులా, 16 ఔన్సులా? స్పారింగ్ గ్లవ్స్ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

#1 కొండాపూర్ కుర్రోడు

అందరికీ నమస్కారం. వయసు 29, బరువు 72 కిలోలు. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. పొట్ట తగ్గుతుందని నాలుగు నెలల క్రితం కొండాపూర్‌లో ఒక బాక్సింగ్ జిమ్‌లో చేరాను. పొట్ట సంగతేమో గానీ పిచ్చి మాత్రం పట్టుకుంది. ఇప్పటిదాకా వేలాడే బ్యాగుని గుద్దడం, కోచ్ చేతికి తొడుక్కునే ప్యాడ్లని కొట్టడం, తాడాట, అంతే. చేరిన రోజు కొన్న 12 ఔన్సుల గ్లవ్స్‌తోనే నడిపిస్తున్నాను.

వచ్చే నెల నుంచి స్పారింగ్‌కి, అంటే ఎదురుగా మనిషితో సాధనకి, దింపుతానన్నారు కోచ్. "16 తెచ్చుకో. వీటితో రింగులోకి రానివ్వను" అన్నారు. ఎందుకని అడిగితే నవ్వి ఊరుకున్నారు. కోఠీలో ఒక షాపుకి వెళ్తే అతను నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "మీది చిన్న చెయ్యి సార్, 16 లూజైపోతుంది, 12 కరెక్టు" అన్నాడు. ఆన్‌లైన్‌లో కొన్నిటికి ఔన్సులు రాశారు, కొన్నిటికి చొక్కాల్లాగా ఎస్, ఎమ్, ఎల్ అని ఉంది. ఎవరి మాట వినాలి?

నవ్వుకోకపోతే ఇంకో ప్రశ్న. 16 ఔన్సులంటే జతకా, ఒక్కదానికా?

#2 వైజాగ్ సౌత్‌పా

ఒక్కదానికి బాబూ. ఔన్సు అంటే 28 గ్రాములు చిల్లర. 16 అంటే ఒక్కో గ్లవ్ 450 గ్రాముల పైచిలుకు. నీ 12 అయితే 340. తేడా 110 గ్రాములే కదా అనిపిస్తుంది. మూడో రౌండులో భుజాలు చెబుతాయి ఆ తేడా ఏటో.

షాపతను చెప్పులు అమ్మినట్టు అమ్ముతున్నాడు. ఔన్సులు చేతి సైజు కాదు, గ్లవ్ బరువు. బరువు పెరిగే కొద్దీ ముందు భాగంలో కూరిన మెత్త పెరుగుతుంది. ఆ మెత్త నీ కోసం కాదు, అవతలోడి మొహం కోసం. మీ కోచ్ అందుకే నవ్వి ఉంటాడు. నీ చెయ్యి చూసి కాదు, నీ చేతిలో దెబ్బ తినబోయేవాణ్ణి చూసి చెప్పాడాయన.

72 కిలోలు కదా, 16 తీసుకో. ఇంకో ఆలోచన పెట్టుకోకు.

#3 ఇందూరు బిడ్డ

అన్న చెప్పింది కరెక్టే గానీ ఒక మాట. 16 తీస్కొని దాంతోనే బ్యాగు, దాంతోనే ప్యాడ్లు, దాంతోనే స్పారింగు చేస్తే ఆరు నెలలకే లోపలి ఫోమ్ అణిగిపోతది. గప్పుడు పేరుకు 16, పనికి 10. నువ్వు నీ 12 బ్యాగుకు ఉంచుకో. 16 స్పారింగుకే పెట్టు. బ్యాగు మీద కొట్టిన గ్లవ్స్ తెచ్చి మనిషిని కొట్టుడు మా కాడ అయితే తప్పు కింద లెక్క. మా కోచ్ సార్ రింగు ఎక్కే ముందు ఒక్కొక్కని గ్లవ్ బొటనవేలితోని ఒత్తి చూసేటోడు. లోపల మెటిక తగిలిందా, దిగు కిందికి.

60 కిలోల లోపు ఉన్నోళ్ళకు 14 నడుస్తది. ఆడపిల్లలకు, చిన్నోళ్ళకు 12 కూడా నడుస్తది, అవతల కూడా గంతే బరువున్నోళ్ళు ఉంటే. నీ బరువుకు మాత్రం 16.

#4 గోదారి పిల్ల

చిన్న చేతులవాళ్ళ బాధ చిన్న చేతులవాళ్ళకే తెలుస్తుంది కాబట్టి నేనూ వస్తున్నాను :)

నేను 52 కిలోలు. యూనివర్సిటీ తరఫున రెండేళ్ళు ఆడాను. జిమ్‌లో ఉన్న ఒకే ఒక్క 16 జత వేసుకుని మొదటి మూడు నెలలు స్పారింగ్ చేశాను. లోపల చెయ్యి గిన్నెలో గరిటెలా కదులుతుండేది. పంచ్ తగిలిన ప్రతిసారీ మణికట్టు పక్కకి మడత పడేది. చపాతీ పిండి కలపలేకపోయేదాన్ని. అమ్మకి చెబితే ఆట మాన్పిస్తుందని ఎడం చేత్తో కలిపేదాన్ని.

షాపతని మాటలో సగం నిజం ఉంది. ఒకే 16 ఔన్సులు ఒక కంపెనీలో వెడల్పుగా, ఇంకో కంపెనీలో బిగుతుగా ఉంటుంది. బరువు 16 అని తేల్చుకున్నాక ఆ 16లో నీ చేతికి సరిపోయేది వెతుక్కోవాలి. షాపుకి వెళ్ళేటప్పుడు హ్యాండ్ ర్యాప్స్ (గ్లవ్ లోపల చేతికి చుట్టుకునే గుడ్డ పట్టీలు) కట్టుకునే వెళ్ళు. వట్టి చేత్తో సరిపోయిన గ్లవ్, కట్టు కట్టాక ఎక్కదు. వేళ్ళ కొసలు లోపల పైభాగానికి ఆనాలి, పిడికిలి ఇబ్బంది లేకుండా మూసుకోవాలి, విదిలిస్తే లోపల చెయ్యి జారకూడదు. ఇవి చూస్తే చాలు.

ర్యాప్స్ కూడా నాలుగున్నర మీటర్లవి కొనుక్కో. పొట్టివి కడితే మణికట్టు చుట్టేసరికి అయిపోతాయి, మెటికల మీదకి ఏమీ మిగలదు. సన్న చేతికి ఆ పొడుగు కట్టే గ్లవ్‌ని నింపుతుంది.

#5 కొండాపూర్ కుర్రోడు

జతకనుకుని లెక్కలు వేసుకున్నానని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అయితే ఒలింపిక్స్‌లో వాళ్ళు కూడా 16 వేసుకుంటారా? టీవీలో అంత లావుగా కనిపించవే?

#6 ఇందూరు బిడ్డ

లేదు తమ్మీ. పోటీ వేరే, ప్రాక్టీసు వేరే. ఒలింపిక్స్ లాంటి అమెచ్యూర్ పోటీల్లో మగోళ్ళకు కింది బరువు విభాగాలల్ల 10, పై విభాగాలల్ల 12. ఆడోళ్ళకు అన్నిట్ల 10. మా నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022ల ఇస్తాంబుల్‌ల 52 కిలోల్ల వరల్డ్ ఛాంపియన్ అయింది చూడు, 2023ల ఢిల్లీల 50 కిలోల్ల మళ్ళ గెలిచింది, గవన్నీ 10 ఔన్సులే. పోటీ అంటే తొమ్మిది నిమిషాల పని. ప్రాక్టీసు దినాం. దినాం 10తోని కొట్టుకుంటే పోటీ దాకా మిగిలేదెవ్వరు?

మొదట్ల పోరగాళ్ళతోనే స్పారింగ్ చేసిందట ఆమె. మొహం వాచి ఇంటికి పోతే వాళ్ళమ్మ ఏడ్చిందట, నిన్నెవరు చేసుకుంటరని. ఆమెనే చెప్పింది గీ ముచ్చట. మా ఊర్ల గది చదివి ఎంతమంది తల్లులు నవ్విన్రో, అంతమంది బిడ్డలను పంపిన్రు.

#7 వైజాగ్ సౌత్‌పా

జ్ఞాపకాలు మొదలెట్టారు కాబట్టి నేనూ ఒకటి చెబుతాను. నిడివి ఎక్కువైతే దాటేసుకోండి.

1993, 94 నాటి మాట. బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఒక హాలు, సిమెంటు నేల, దాని మీద కొబ్బరిపీచు చాప. రింగు అంటే నాలుగు మూలలా నలుగురం నిలబడి తాడు పట్టుకోవడమే. పదకొండు మందికి స్పారింగ్ గ్లవ్స్ రెండు జతలు. లేసులవి, లోపల గుర్రం జుట్టు కూరినవి. ఆ జుట్టు వాడివాడి మెటికల దగ్గర నుంచి రెండు పక్కలకీ పోయేది. పైన చూస్తే బూరెల్లా ఉండేవి, గుద్దు తగిలితే కొబ్బరిచిప్ప. ఒకడు దిగగానే ఇంకోడి చేతికి తొడిగి, మాస్టారు నోటితో లేసు లాగి ముడేసేవారు. నా వంతు వచ్చేసరికి లోపల ముగ్గురి చెమట చల్లగా తగిలేది. ఆ వాసన ఇప్పుడు తలుచుకున్నా ముక్కు ముడుచుకుంటుంది.

జాలరిపేట నుంచి ఒక గుంటడు వచ్చేవాడు. నాకంటే ఐదు కిలోలు తక్కువ. వేకువనే వాళ్ళ నాన్నతో వేటకి వెళ్ళి, వల లాగి, సాయంత్రం మాతో ఆడేవాడు. వాడూ ఎడమ చేతి వాటమే, నేనూ ఎడమ చేతి వాటమే. సౌత్‌పాకి సౌత్‌పా ఎదురు పడటం ఎలాగుంటుందో ఆడినోళ్ళకి తెలుసు, అద్దం ముందు తల దువ్వుకున్నట్టు. నేర్చుకున్నదంతా తిరగబడిపోతుంది. ఒకరోజు నేను కాస్త జోరు మీదున్నాను, రెండు జాబ్‌లు (ముందున్న చేత్తో సూటిగా వేసే పంచ్‌లు) శుభ్రంగా తగిలాయి. మూడోది వేశాను. వాడు కిందికి వంగి, ఎడమ చేత్తో నా కుడి డొక్క మీద ఒక్కటిచ్చాడు.

ఏమీ అవ్వలేదు. నిజంగానే ఏమీ అవ్వలేదు. "ఇంతేనా" అనుకోడానికి కూడా టైముంది నాకు. ఒక్క క్షణం తర్వాత కాళ్ళు నావి కావు. మాట రాదు, ఊపిరి రాదు, బుర్ర మాత్రం శుభ్రంగా పని చేస్తుంది. చాప మీద మోకాళ్ళేసి, పీచు పోగులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. మాస్టారు వచ్చి "లివర్ తెలిసిందా?" అన్నారు. అంతే ఆయన పాఠం.

ఆ గుంటడు గ్లవ్ తీయించుకుని వచ్చి నా వీపు నిమిరాడు. వాడి అరచేతులు వల తాళ్ళకి కాసిపోయి గరుకుగా ఉండేవి. తర్వాత సీజన్‌కి రాలేదు. పడవ కొన్నారని ఎవరో చెప్పారు.

#8 డల్లాస్ శీను

అన్నగారూ, ఆ "ఇంతేనా" అనిపించే క్షణం గురించి ఎంత బాగా చెప్పారండీ. అనుభవించినవాడికి తప్ప ఎవరికీ తెలియదది.

ఒక పాత సంగతి. గ్లవ్స్ అసలు పుట్టిందే ప్రాక్టీసు కోసం. లండన్‌లో జాక్ బ్రౌటన్ అనే ఆయన 1743లో పందేలకి మొదటిసారి నియమాలు రాశాడు. శిష్యులు సాధనలో మొహాలు పగలగొట్టుకోకుండా "మఫ్లర్లు" అని మెత్తటి తొడుగులు పెట్టించింది కూడా ఆయనే. పందెం మాత్రం వట్టి చేతులతోనే. అసలు పోటీలోనూ గ్లవ్స్ వేసుకోవాలని, ఇప్పటి బాక్సింగ్‌కి మూలమైన క్వీన్స్‌బెర్రీ నియమాల్లో వచ్చేసరికి 1867. మన కుర్రాడి కోచ్ చెప్పిన మాటకి పాతికా ముప్పై ఏళ్ళు కాదు, 280 ఏళ్ళ వయసుంది.

మెత్త తీసేస్తే ఏమవుతుందో కూడా ఈ దేశంలో చూశారు. 1983లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బిల్లీ కాలిన్స్ అనే కుర్రాడు లూయిస్ రెస్టో చేతిలో పది రౌండ్లు దెబ్బలు తిని ఓడిపోయాడు. ఆట అయ్యాక కాలిన్స్ తండ్రి మర్యాదకి రెస్టో చెయ్యి పట్టుకుంటే గ్లవ్ పల్చగా తగిలింది. రెండు గ్లవ్స్‌లోంచీ మెత్త తీసేశారు. ఒక్కోదానిలో పోయింది మహా అయితే ఒక ఔన్సు. ఆ కుర్రాడి కన్ను దెబ్బతింది, మళ్ళీ రింగు ఎక్కలేదు, ఏడాది తిరక్కుండా కారు ప్రమాదంలో పోయాడు. రెస్టో, అతని ట్రెయినరు ఇద్దరూ జైలుకి వెళ్ళారు.

ఒక్క ఔన్సు. 12, 16 మధ్య ఉన్నది నాలుగు.

#9 నిత్యసందేహి

నాకు ఈ 16 ఔన్సుల భక్తి అర్థం కాదండి. లావు గ్లవ్ వేసుకున్నామన్న ధైర్యంతో ఇంకా గట్టిగా కొడతారు. మా జిమ్‌లో రోజూ చూస్తున్నాను. 12 వేసుకున్నవాళ్ళు జాగ్రత్తగా ఆడతారు, 16 వేసుకున్నవాళ్ళు గోడలు కూలుస్తారు.

#10 ఇందూరు బిడ్డ

గది గ్లవ్ తప్పు గాదు భాయ్, కోచ్ తప్పు. గోడలు కూల్చెటోన్ని రింగుల ఎందుకు ఉంచిన్రు?

#11 గుంటూరు ఎముకల డాక్టరు

నిత్యసందేహి గారి మాట కొట్టిపారేయలేను. మెత్త ఎక్కువైతే చర్మం చిట్లడం, కనుబొమ్మ తెగడం, ముక్కు పగలడం తగ్గుతాయి. కొట్టేవాడి చేతి ఎముకలకీ మంచిది. కానీ పుర్రె లోపల మెదడు ఊగడాన్ని మెత్త ఆపలేదు. తల గిర్రున తిరిగిందంటే లోపల మెదడూ తిరిగినట్టే. తలకి తొడుక్కునే మెత్తటి హెడ్‌గేర్ కూడా అంతే. గాట్లు తగ్గిస్తుంది, కంకషన్, అంటే ఆ మెదడు దెబ్బ, ఆపుతుందన్న భరోసా లేదు. 2013 నుంచి పెద్దస్థాయి మగవాళ్ళ అమెచ్యూర్ పోటీల్లో హెడ్‌గేర్ తీసేశారు, 2016 రియోలో మీరు చూసే ఉంటారు. దాన్ని చూసి జిమ్‌లో తీసేయకండి. మీకు మర్నాడు ఆఫీసులో మీటింగులుంటాయి, మొహం కావాలి.

చేతుల గురించి నా శాఖ తరఫున ఒక ముక్క. చిటికెనవేలు కింద అరచేతిలో ఉండే ఎముక, మెటికకి కాస్త కింద, విరగడాన్ని మా పుస్తకాల్లో బాక్సర్స్ ఫ్రాక్చర్ అంటారు. తమాషా ఏమిటంటే నా దగ్గరికి ఆ ఫ్రాక్చర్‌తో వచ్చినవాళ్ళలో బాక్సర్లు తక్కువ. గోడని కొట్టినవాళ్ళు, తలుపుని కొట్టినవాళ్ళు, ఒకాయన ఫ్రిజ్‌ని. నిజం బాక్సర్ చూపుడువేలు, మధ్యవేలు మెటికలతో కొడతాడు. చిటికెనవేలు వైపు తగిలిందంటే పంచ్ ఊడ్చినట్టు పక్క నుంచి వచ్చిందన్నమాట. ప్యాడ్ల మీద ఇది సరి చేసుకున్నాకే రింగు ఎక్కండి.

పళ్ళకి తొడుక్కునే మౌత్‌గార్డ్ గురించి ఎవరూ అనలేదేం? వేడినీళ్ళలో వేసి కొరికి ఆకారం తెప్పించుకునేవి దొరుకుతాయి. గ్లవ్స్ కంటే ముందు అది కొనండి.

#12 డల్లాస్ శీను

డాక్టరు గారు కంకషన్ అన్నారు కాబట్టి నా సంగతి కూడా చెప్పేస్తాను. ఇంట్లో పూర్తిగా చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను, అదీ విచిత్రమే.

ఇక్కడ ఒక జిమ్‌లో శుక్రవారం సాయంత్రం స్పారింగ్. "లైట్‌గా ఆడుకుందాం" అని ఇద్దరం గ్లవ్స్ తాకించుకున్నాం. ఇద్దరికీ 16లే, ఇద్దరికీ హెడ్‌గేర్ ఉంది. మొదటి రౌండు నిజంగా లైటే. రెండో రౌండులో పొరపాటున నా కుడి కాస్త గట్టిగా తగిలింది. అతను ఏమీ అనలేదు, ఇంకాస్త గట్టిగా తిరిగిచ్చాడు. నేను ఇంకాస్త. ఇద్దరిలో ఎవరూ ఆగుదామనలేదు. కోచ్ ఫోన్లో ఉన్నాడు. మూడో రౌండు సగంలో కణత మీద ఒకటి తగిలింది. పడలేదు. గంట కొట్టేదాకా ఆడానట. ఆ ఆఖరి నిమిషం నాకు ఇప్పటికీ గుర్తు లేదు. కారు ఎక్కడ పెట్టానో తెలియక పార్కింగ్‌లో పావుగంట తిరిగాను.

మూడు రోజులు తలనొప్పి, వెలుతురు చూడలేకపోవడం. జలుబన్నాను మా ఆవిడతో.

#13 గుంటూరు ఎముకల డాక్టరు

మీరు ఆ రాత్రి కారు నడిపారా? ఇంకెప్పుడూ అలా చేయకండి సార్. గుర్తు లేకపోవడం అంటే ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళాల్సిన లక్షణం. అమెచ్యూర్ నియమాల్లో తలకి దెబ్బలతో ఆట ఆగితే కనీసం 30 రోజులు రింగు దగ్గరికి రానివ్వరు, స్పారింగ్‌తో సహా. మూడు నెలల్లో రెండోసారి అయితే 90 రోజులు. ఏడాదిలో మూడోసారి అయితే ఏడాది. జిమ్‌లో ఆ లెక్క రాసేవాడు ఉండడు కాబట్టి మనమే రాసుకోవాలి.

దయచేసి ఇంట్లో కూడా చెప్పండి.

#14 డల్లాస్ శీను

నడిపానండీ. ఆ తర్వాత నాలుగు నెలలు మానేశాను. ఇప్పుడు కొత్త జిమ్. ఇక్కడి కోచ్ ఫోను లాకర్లో పెట్టి వస్తాడు. ఇంట్లో... ఈ వారాంతం చెబుతాను.

#15 గోదారి పిల్ల

శీను గారూ, అలా ఒక్కో మెట్టూ పెరగడం మా దగ్గరా చూశాను. మా మేడమ్ దానికి ఒక మందు కనిపెట్టారు. మొదటి నెలంతా జాబ్ ఒక్కటే, అదీ ఒకరు వేస్తే ఇంకొకరు తప్పించుకోవడం. రెండో నెల మెడ కింద మాత్రమే. తలకి పంచ్ వేయాలంటే మూడో నెల రావాల్సిందే. అప్పుడు విసుగొచ్చేది. మూడో నెలకి చూస్తే కళ్ళు మూసుకోకుండా పంచ్ చూడటం వచ్చేసింది నాకు. కొండాపూర్ తమ్ముడూ, మీ కోచ్‌ని ఇలా మొదలుపెట్టమని అడుగు. అడిగితే చిన్నతనం ఏమీ కాదు.

#16 వైజాగ్ సౌత్‌పా

ఆ మేడమ్‌కి నా నమస్కారం చెప్పమ్మా. మా ఊళ్ళోనూ ఆడపిల్లల బాక్సింగ్ మొదట్నుంచీ గట్టిదే. మా బాక్సర్ నగిశెట్టి ఉషకి 2020లో ధ్యాన్‌చంద్ అవార్డు వచ్చినప్పుడు మా పాత బ్యాచ్ అంతా ఫోన్లు చేసుకున్నాం, మాకే వచ్చినట్టు.

#17 కొండాపూర్ కుర్రోడు

నిన్న కొన్నాను. 16 ఔన్సులు, వెల్క్రోది. లేసులవి అందంగా ఉన్నాయి కానీ ఇంట్లో కట్టేవాళ్ళెవరు? ర్యాప్స్ కట్టుకుని షాపుకి వెళ్తే అందరూ వింతగా చూశారు. నాలుగు జతలు వేసి చూస్తే మూడింట్లో చెయ్యి జారింది, నాలుగోది పట్టేసింది. ఇంటికొచ్చి అమ్మ కూరగాయలు తూచే డిజిటల్ కాటా మీద పెట్టాను. కుడిది 446, ఎడమది 438. అంటే 454 రాలేదు. మోసమా?

మౌత్‌గార్డ్ కూడా తీసుకున్నాను డాక్టరు గారూ.

#18 ఇందూరు బిడ్డ

మోసం గాదు. పది, పదిహేను గ్రాముల తేడా మామూలే. 400 చూపిస్తే గప్పుడు లొల్లి పెట్టు. నీ లెక్క కాటా మీద పెట్టి తూచెటోన్ని నేనైతే ఫస్ట్ టైమ్ చూస్తున్న :)

వాడినంక బ్యాగుల పెట్టి జిప్ వెయ్యకు. వెల్క్రో పూర్తిగ విప్పి, లోపల పాత న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి, ఫ్యాన్ కింద పెట్టు. ఎండల పెట్టకు, పైది పగుళ్ళు ఇస్తది, గా పగుళ్ళు అవతలోని చెంప గీరుతయి. ర్యాప్స్ దినాం ఉతుకు.

#19 వైజాగ్ సౌత్‌పా

మా కాలంలో న్యూస్‌పేపర్ కూడా మాస్టారే చదివేసి ఇచ్చేవారు. స్పోర్ట్స్ పేజీ మాత్రం ఇచ్చేవారు కాదు.

#20 కొండాపూర్ కుర్రోడు

మూడు వారాల తర్వాత వచ్చాను. మొన్న శనివారం మొదటి స్పారింగ్ అయింది. గోదారి పిల్ల గారు చెప్పినట్టే జాబ్ మాత్రం వేసుకుందామని నేనే అడిగాను, కోచ్ "ఎవరు నేర్పారు నీకు?" అన్నారు. ఎదుటివాడు డిగ్రీ చదివే కుర్రాడు, 68 కిలోలు, రెండేళ్ళ నుంచి ఆడుతున్నాడు. రెండు నిమిషాల రౌండ్లు మూడు. మొదటి ముప్పై సెకన్లలోనే ఊపిరి బిగబట్టానని తెలిసింది. బ్యాగు మీద ఆరు రౌండ్లు ఆడేవాణ్ణి, ఒక్క రౌండుకే గోడ పట్టుకున్నాను. వైజాగ్ గారూ, ఆ 110 గ్రాములు భుజాలకి తెలిశాయి.

రెండో రౌండులో ముక్కు మీద శుభ్రంగా ఒకటి తగిలింది. నొప్పి కంటే ముందు నీళ్ళు కారాయి కళ్ళల్లోంచి. ఏడుస్తున్నాననుకుని ఆ కుర్రాడు ఆగిపోయి "సారీ అన్నా" అన్నాడు. ఏడవట్లేదని చెబుదామంటే నోట్లో మౌత్‌గార్డ్. ముక్కు బాగానే ఉంది, తలనొప్పి లేదు, మర్నాడు మామూలుగానే ఉన్నాను. ఇంటికెళ్ళి నా పాత 12తో చెంప మీద నేనే మెల్లగా కొట్టుకుని చూశాను. అవే ఆ కుర్రాడి చేతికి ఉండుంటే అనిపించింది.

#21 ఇందూరు బిడ్డ

శభాష్ తమ్మీ. ఒక్కటి అడుగుత. గా పంచ్ తగిలినప్పుడు నువ్వు జాబ్ వేసి చెయ్యి ఎనుకకు తెచ్చుకునేటప్పుడు ఎడమ చెయ్యి కిందికి దించినవా?

#22 కొండాపూర్ కుర్రోడు

దించాను అన్నా.